రాయి తగిలిందని గుంత ఆపేస్తే

హైటెక్ సిటీ చుట్టుపక్కల స్తంభం పాతే గుంత ఎంత లోతుండాలో చాలాసార్లు గడ్డపారే తేలుస్తుంది. రెండడుగులు దిగాక అది ఖంగుమంటే పని ఆగిపోతుంది. ‘కింద బండ తగిలింది, ఇంక చాలు’ అని మేస్త్రీ అంటాడు. కాంట్రాక్టరు కాదనడు. కొలతలు రాసుకునే ఇంజనీరు కూడా తలూపి పక్క గుంత దగ్గరికి నడుస్తాడు. ముగ్గురిదీ ఒకటే నమ్మకం: హైదరాబాద్‌ది రాతి నేల, రాతి నేలలో లోతుతో పని లేదు. కరెంటు స్తంభాలు, వీధి దీపాలు, దారి చూపే బోర్డులు, ఖాళీ ప్లాట్ల చుట్టూ పాతే రాతి కడీలు, అన్నింటికీ ఈ న్యాయమే వర్తింపజేస్తారు. ఇది తప్పు. ఇందులో సగం నిజం కలిసి ఉండబట్టే ఇన్నాళ్లు చెలామణి అయింది.

ఆ సగం నిజం గ్రానైట్ బలం. చెడిపోని గ్రానైట్ చదరపు సెంటీమీటరుకు 1,000 నుంచి 2,000 కిలోల నొక్కుడును తట్టుకుంటుంది. ఇళ్ల శ్లాబులకు పోసే ఎం20 కాంక్రీటు తట్టుకునేది సుమారు 200 కిలోలు. అలాంటి రాతి మీద ఏది నిలబెట్టినా కుంగదు. కానీ కుంగిపోయి పడిన స్తంభాలు ఎక్కడా పెద్దగా కనిపించవు, పడ్డవన్నీ ఒరిగి పడ్డవే. ఇల్లు తన బరువుతో నేలను కిందికి నొక్కుతుంది కాబట్టి దానికి కింద గట్టి నేల దొరికితే చాలు. స్తంభం మీద పడే బలాలు గాలి, తీగల లాగుడు, వెనక్కి తీస్తున్న లారీ తగలడం వంటివి. అవన్నీ పక్క నుంచి వచ్చేవే. వాటిని ఆపాల్సింది గుంత పక్కగోడలు. గుంత అడుగున ఎంత గొప్ప బండ ఉన్నా ఈ పనిలో అది చేసే సాయం స్వల్పం.

లెక్క చూస్తే సంగతి తేలుతుంది. తెలంగాణలో కరెంటు లైన్లకు విరివిగా వాడే 8 మీటర్ల సిమెంటు స్తంభం 140 కిలోల లాగుడుకు తయారవుతుంది. ఆ లాగుడును కొస నుంచి 0.6 మీటర్ల కింద పడుతున్నట్టు లెక్కిస్తారు. స్తంభం పొడవులో ఆరో వంతు భూమిలో ఉండాలన్నది దేశమంతా పాటించే మోటు లెక్క. అంటే 1.33 మీటర్లు, దాదాపు నాలుగున్నర అడుగులు. అప్పుడు లాగుడు నేలకు సుమారు 6.1 మీటర్ల ఎత్తున ఉంటుంది. మొదలు దగ్గర స్తంభాన్ని తిప్పి పడేయాలని చూసే బలం 140 కిలోలను 6.1 మీటర్లతో గుణిస్తే వస్తుంది, దాదాపు 850 కిలో-మీటర్లు. ఇంత బలాన్ని నాలుగున్నర అడుగుల పక్కగోడలు పంచుకోవాల్సిన చోట రెండడుగుల గోడలు మోయాలి. మొరం లాంటి నేలలో పక్క నొక్కుడును ఆపే శక్తి లోతు ఘనం లెక్కన మారుతుంది. లోతు సగమైతే శక్తి సగం కాదు, ఎనిమిదో వంతు. 1.33 మీటర్ల బదులు 0.6 మీటర్లతో సరిపెడితే మిగిలేది పదకొండో వంతు. రాయి తగిలిందని గుంత ఆపిన చోట పై రెండడుగులూ సాధారణంగా మొరమే కాబట్టి ఈ లెక్క అక్కడ అచ్చంగా వర్తిస్తుంది.

బోర్డుల విషయం ఇంకా దారుణం. గాలి బలానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాద్‌కు ఇచ్చిన మూల వేగం సెకనుకు 44 మీటర్లు. ఆ వేగంలో చదరపు మీటరు రేకు మీద పడే ఒత్తిడి దాదాపు 118 కిలోలు. మూడు మీటర్ల ఎత్తున రెండు చదరపు మీటర్ల బోర్డు పెడితే మొదలు దగ్గర తిప్పే బలం 700 కిలో-మీటర్లు దాటుతుంది. ఎనిమిది మీటర్ల కరెంటు స్తంభం మోసేదానికి ఇది పెద్ద తక్కువేం కాదు. అయినా బోర్డు పొట్టిదనే ధైర్యంతో ఎవరూ దాన్ని అలా చూడరు. ఏప్రిల్, మే నెలల ఈదురు గాలి మాత్రం చూస్తుంది.

దీనికి సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది: ‘ఇదే నేల మీద యాభై అంతస్తులు నిలబడుతుంటే ఒక స్తంభం నిలబడదా?’ వినడానికి బాగుంటుంది. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పుడు చుట్టూ గుట్టలు, పొదలు. ఇవాళ అక్కడి నుంచి కోకాపేట దాకా ఆకాశహర్మ్యాలు లేచిన మాట నిజమే. కానీ ఆ భవనాలు గడ్డపార ఖంగుమన్న చోట ఆగలేదు. ముందు బోర్లు వేసి రాతి ముక్కలు పైకి తీసి చూశారు. సెల్లార్ల కోసం పై మొరాన్ని, గుండ్లను, పగుళ్ల రాయిని తవ్వి పారేసి చెడిపోని బండ దాకా దిగారు. పైగా భవనానికి వేల టన్నుల సొంత బరువు ఉంది, గాలి నెడితే ఆ బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. స్తంభానికి ఆ బరువు లేదు, దాని గుంతకు ఆ పరీక్షా లేదు. ఆకాశహర్మ్యాన్ని సాక్ష్యానికి పిలిస్తే అది లోతుకు తవ్వాలనే వాళ్ల తరఫునే చెబుతుంది.

అసలు తగిలింది బండేనా అన్నది ఇంకో ప్రశ్న. హైదరాబాద్ కింద ఉన్న గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. అది ఒకే ముద్దగా లేదు. నిలువుగా, అడ్డంగా, నేలకు సమాంతరంగా సాగిన పగుళ్లు దాన్ని దిమ్మెలుగా కోశాయి. వాన నీరు ఆ పగుళ్ల వెంట దిగుతుంది. ఎర్రగా, తెల్లగా మెరిసే ఫెల్డ్‌స్పార్ మెల్లగా బంకమట్టి అవుతుంది, నల్ల మైకా తుప్పు పట్టి ఉబ్బుతుంది, క్వార్ట్జ్ గింజలు అలాగే మిగిలిపోతాయి. దిమ్మె మూలలకు మూడు వైపుల నుంచీ నీళ్లు తగులుతాయి కాబట్టి అవి ముందు కరుగుతాయి. ఉల్లిపాయ పొరల్లా బయటి పొరలు ఒక్కొక్కటే ఊడిపోగా నడుమ గట్టి గుండు మిగులుతుంది, దాని చుట్టూ మొరం. ఖాజాగూడ గుట్ట మీద, దుర్గం చెరువు ఒడ్డున ఒకదాని మీద ఒకటి నిలిచి జనం ఫొటోలు తీసుకునే గుండ్లు ఇలా నేల లోపల తయారైనవే. చుట్టూ ఉన్న మొరం కొట్టుకుపోయాక అవి బయటపడ్డాయి. గుంతలో గడ్డపారకు తగిలేది ఇంకా బయటపడని అలాంటి గుండే కావచ్చు.

నానక్‌రామ్‌గూడ, కోకాపేటల్లో సెల్లారు కోసం తవ్విన గొయ్యి అంచున నిలబడి ఎదుటి గోడను చూస్తే ఇదంతా పాఠంలా కనబడుతుంది. పైన అడుగో రెండడుగులో ఎర్రమట్టి, దాని కింద పసుపు, గోధుమ రంగు మొరం. దాన్ని చేత్తో నలిపితే పొడి అవుతుంది, అయినా రాతి గింజల అమరిక చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. అందులో అక్కడక్కడా బల్లంత, కారంత గుండ్లు. ఒక చోట అడుగు మందం పలక, దాని కింద మళ్లీ నాలుగడుగుల మొరం. ఒక మూల బండ నేల మట్టానికే తేలి ఉంటే, ముప్పై అడుగుల అవతల మూలలో గొయ్యి అడుగు దాకా దాని జాడే లేదు. ఈ గోడకు పై నుంచి ఎక్కడ గడ్డపార దించినా ఏదో ఒక రాయి తగులుతుంది. ఆ రాళ్లలో స్తంభాన్ని పట్టి ఉంచగలిగేవి కొన్నే.

గుండు మీద ఆగిన గుంతకు ఇంకో ఇబ్బంది ఉంది. గుండు పై భాగం గుండ్రంగా వాలి ఉంటుంది. దాని మీద దించిన స్తంభం పాదం ఎప్పుడూ వాలు వైపే జారాలని చూస్తుంది. ఒక పక్క గోడ రాయి, ఎదుటి పక్క గోడ మొరం. గాలి మొరం వైపు నెట్టిన ప్రతిసారీ ఆ పక్క కొంచెం నలుగుతుంది, తిరిగి యథాస్థితికి రాదు. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి స్తంభం ఒక వైపుకు వంగి స్థిరపడుతుంది. దారిన పోయేవాళ్లు ‘ఏదో బండి గుద్దినట్టుంది’ అనుకుంటారు.

గుండుకూ బండకూ తేడా పట్టడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. సమ్మెటతో కొడితే చెడిపోని రాయి గణగణమంటుంది, సుత్తి ఎగిరి వస్తుంది, పైకి లేచే పొడి తెల్లగా ఉంటుంది. చెడిన రాయి మొద్దుగా మోగుతుంది, సుత్తి దిగబడుతుంది, పొడిలో తుప్పు రంగు ఉంటుంది. అయితే పెద్ద గుండు కూడా బండలాగే మోగుతుంది కాబట్టి చప్పుడు ఒక్కటే నమ్మకూడదు. గుంతలో నాలుగు మూలలా గడ్డపార దించి రాయి ఏ మట్టంలో తగులుతుందో చూడాలి. ఒక మూల రెండడుగులకు, ఎదుటి మూల మూడున్నరకు తగిలితే అది గుండు అంచు. అనుమానం తీరకపోతే కంప్రెషర్ డ్రిల్లుతో అంగుళమున్నర బెజ్జం ఒకటి మూడడుగులు దింపాలి. నడుమ డ్రిల్లు ఒక్కసారిగా జారిందంటే పలక దాటి మొరంలో పడిందన్నమాట. పావుగంట పనికి బద్ధకించి ఏళ్ల తరబడి నిలవాల్సిన స్తంభాన్ని అదృష్టానికి వదిలేస్తున్నారు.

లోతు దొరకని చోట రెండో ఉపాయంగా చెప్పేది కాంక్రీటు ముద్ద. ‘కింద ఎంత దిగిందని ఎందుకు, పైన పెద్ద దిమ్మె పోస్తే కదలదు’ అంటారు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, ముప్పై సెంటీమీటర్ల మందం దిమ్మె బరువు 720 కిలోలు. స్తంభం బరువు మరో 400 కిలోలు అనుకుని కలిపినా 1,120. ఈ బరువు దిమ్మె అంచు మీదుగా ఒరగకుండా ఆపేది అర మీటరు దూరం నుంచే, అంటే 560 కిలో-మీటర్లు. కావాల్సింది 850. బండ మీద ఊరికే కూర్చున్న దిమ్మె స్తంభంతో పాటు లేచి పడుతుంది. కళ్లకు నిండుగా కనిపిస్తుంది కాబట్టి చూసేవాళ్లకు భరోసా ఇస్తుంది, అంతే.

బండ నిజంగా బండే అయితే లోతు తగ్గించవచ్చు. దీన్ని ఒప్పుకోకపోతే వాదన మొండితనం అవుతుంది. పగుళ్లు లేని రాతిలో అర మీటరు గుంత చెక్కి, స్తంభం దించి, చుట్టూ కాంక్రీటు కూరితే పక్కగోడల మీద పడే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు పది కిలోలు కూడా ఉండదు. రాయికి అది లెక్కలోనిదే కాదు. కానీ ఆ అర మీటరును కొలవాల్సింది బండ పై మట్టం నుంచి. మేస్త్రీ ‘చాలు’ అన్న క్షణంలో గుంత బండ లోపలికి దిగింది సున్నా.

రాయి లోపలికి దిగాలి అనగానే జేసీబీకి బ్రేకరు తగిలించి తెస్తారు. గట్టి నేలకు గట్టి యంత్రమే మందు అన్నది ఈ ప్రాంతంలో బలపడిన మరో భ్రమ. సెల్లారుకు బ్రేకరు సరైనదే. అడుగు వెడల్పు గుంతకు అది చేసేది ఎక్కువగా చెడుపే. మొన అడుగుకు చేరాలంటే పైన నాలుగడుగుల వెడల్పున చిందరవందర చేయాలి. గుంత గరాటులా తయారవుతుంది, చుట్టుపక్కల రాతిలో లేని పగుళ్లు వస్తాయి. ఆ ఖాళీని తవ్వి తీసిన రాళ్లతోనే నింపుతారు. కదలని గోడలు కావాల్సిన చోట వదులు రాళ్ల కుప్ప మిగులుతుంది. పైగా ఐటీ కారిడార్ ఫుట్‌పాత్‌ల కింద ఇంటర్నెట్ కేబుళ్లు, కరెంటు కేబుళ్లు, నీళ్ల పైపులు ఒకదాని పక్కన ఒకటి పరుచుకుని ఉన్నాయి. ముందు చేత్తో తవ్వి చూడకుండా బ్రేకరు దించితే ఆ వీధి మొత్తానికి తెలిసిపోతుంది.

రాయిని నలగ్గొట్టడం కన్నా చీల్చడం తేలిక. గ్రానైట్ లాగుడుకు తట్టుకునే బలం నొక్కుడుకు తట్టుకునే దానిలో పదో వంతు, తరచూ అంతకన్నా తక్కువ. వడ్డెర పనివాళ్లకు ఈ సంగతి తరతరాలుగా చేతుల్లో ఉంది. వరుసగా చిన్న బెజ్జాలు ఉలితో తొలిచి, ఇనుప చీలలు దించి, సమ్మెటతో ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోతారు. నాలుగైదు విడతలు తిరిగేసరికి చప్పుడు మారుతుంది, గీత గీసినట్టు రాయి విడిపోతుంది. కడీలు తయారయ్యేది ఈ పద్ధతిలోనే. గుంతలో అడ్డం వచ్చిన గుండుకు కూడా ఇదే చాలు. బ్రేకరు పట్టని ఇరుకులో, పేలుడుకు అనుమతి దొరకని ఇళ్ల మధ్య, బెజ్జాల్లో సున్నం ఆధారిత రసాయనం పోసి వదిలేస్తే అది ఉబ్బి ఒక్క రోజులో పెద్ద గుండునైనా చప్పుడు లేకుండా చీలుస్తుంది.

బండ నేల మట్టానికే ఉన్న చోట గుంతే అవసరం లేని దారి ఉంది. అది వీధి దీపాలకు, బోర్డులకు బాగా సరిపోతుంది. 34 మిల్లీమీటర్ల బెజ్జాలు నాలుగు, పావు మీటరు ఎడంగా చదరంలో, ఒక్కొక్కటి 600 మిల్లీమీటర్ల లోతున వేయాలి. గాలితో పొడి ఊది, నీళ్లతో తడిపి, అడుగు నుంచి సిమెంటు గ్రౌట్ నింపుతూ 20 మిల్లీమీటర్ల కడ్డీలు దించాలి. రాయికీ గ్రౌటుకూ పట్టు చదరపు మిల్లీమీటరుకు అర న్యూటన్ మాత్రమే అని పిసినారిగా లెక్కేసినా ఒక్కో కడ్డీ 32 కిలోన్యూటన్లు, అంటే మూడు టన్నుల పైచిలుకు లాగుడును ఆపుతుంది. లాగుడు పడే వైపు రెండు కడ్డీలు పావు మీటరు దూరం నుంచి పట్టినా 1,600 కిలో-మీటర్లు వస్తుంది, 850కి దాదాపు రెట్టింపు. ఇందులో పొరపాటు జరిగేది ఒకే చోట, పొడి ఊదకపోవడం. బెజ్జం గోడకు అంటిన పొడి మీద గ్రౌటు పోస్తే కడ్డీ పట్టుకునేది పొడినే గానీ రాయిని కాదు.

డ్రిల్లు పొడి పట్టు చెడగొట్టడంతో ఆగదు. గ్రానైట్‌లో నాలుగో వంతుకు పైగా క్వార్ట్జ్ ఉండటం మామూలు. పొడిగా డ్రిల్లు చేస్తే లేచే సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. బెజ్జంలోకి నీళ్లు వదులుతూ డ్రిల్లు చేయడం, ముక్కుకు కండువా బదులు సరైన మాస్కు ఇవ్వడం గుంత ఖర్చులోనే చేరాలి.

రాతి గుంతలో నీళ్లు ఇంకిపోయే దారి లేదు. మొరం గుంతలో రెండు రోజుల్లో ఇంకే వాన ఇక్కడ వారాల తరబడి నిలుస్తుంది. చుట్టూ వదులు మట్టి నింపి ఉంటే అది బురదై పట్టు వదులుతుంది. ఇనుప గొట్టమైతే సరిగ్గా నేల మట్టం దగ్గర తుప్పు తింటుంది, పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. అందుకే రాతి గుంతలో ఖాళీనంతా కాంక్రీటుతో నింపి, పైన నాలుగంగుళాలు లేపి, నీళ్లు బయటికి జారేలా వాలు తీయాలి. మట్టి నింపితే చాలన్న మొరం అలవాటు ఇక్కడ పనికిరాదు.

కంచె కడీలకు ఇంత హంగామా అక్కర్లేదు. ఏడడుగుల కడీ రెండడుగులు మంచి మొరంలో దిగితే వరుస మధ్యలో చక్కగా నిలుస్తుంది, ఎందుకంటే రెండు వైపులా తీగలు ఒకదాన్నొకటి సరిచేసుకుంటాయి. మూల కడీ సంగతి వేరు. అక్కడ రెండు వైపుల తీగలూ కలిసి కడీని లోపలికే లాగుతాయి. దానికి మూడడుగుల లోతు, లోపలి వైపు నుంచి ఊతంగా ఒక వాలు కడీ తప్పనిసరి. గుండు తగిలితే దానితో కుస్తీ పట్టడం కన్నా గుంతను వరుసలోనే అడుగో రెండడుగులో జరపడం మేలు. తీగకు ఆ తేడా తెలియదు. జరిపే వీలు లేనిది మూల కడీని, గేటు కడీని మాత్రమే. సమ్మెట, చీలలు వాటి కోసం దాచుకోవాలి.

‘బండ తగిలింది, చాలు’ అన్న మాట భూగర్భ శాస్త్రం నుంచి పుట్టలేదు, కూలి రేటు నుంచి పుట్టింది. మట్టి పనిని కొలిచే భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 మొదటి భాగం మెత్తని మట్టిని, గట్టి మట్టిని, మెత్తని రాయిని, పేల్చదగిన గట్టి రాయిని, పేల్చడం నిషిద్ధమైన గట్టి రాయిని వేరువేరుగా లెక్కించమంటుంది. సైటులో మాత్రం స్తంభానికి ఇంత అని ఒకే రేటు మాట్లాడుకుంటారు. మొరంలో రెండు గంటల్లో అయ్యే గుంతకూ, రాతిలో రోజంతా పట్టే గుంతకూ అదే డబ్బు. రాయి తగిలిన ప్రతి గుంత నష్టమూ పనివాడి జేబు నుంచే పోతుంది, కాబట్టి రాయి తగలగానే చాలనిపించడం అతని తప్పు కాదు. మొరానికి, మెత్తబడిన రాయికి, గట్టి రాయికి అడుగు లెక్కన వేరు రేటు పెట్టి, ఏ రాయి ఎన్ని అడుగుల దగ్గర తగిలిందో స్తంభం ఎత్తకముందే గుంతలో టేపు దించి ఫొటో తీసి, ఆ అంకెలనే కొలత పుస్తకంలో ఎక్కించే చోట గుంతలు అనుకున్న లోతుకు దిగుతాయి.